కింది వాటా అద్దె చూసి ఇల్లు కొంటున్నారా?

కెనడాలో బ్రాంప్టన్, మిసిసాగా వైపు ఇల్లు వెతికే మనవాళ్ళకు లిస్టింగ్ చిట్టచివర ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది. బేస్‌మెంట్ 'రెట్రోఫిట్ స్టేటస్'కు అమ్మేవారు గానీ, ఏజెంటు గానీ హామీ ఇవ్వరు అని. కొత్త వంటగట్టు గురించి, చెక్క నేల గురించి, నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న బడి గురించి పది వరుసలు రాశాక, ఈ ఒక్క ముక్క కింద పెడతారు. చాలామంది అక్కడిదాకా చదవరు. చదివినా, అన్నిట్లోనూ ఉండే మాటేగా అని వదిలేస్తారు.

నేను ఇళ్ళు తనిఖీ చేసే పనిలో ఉన్నాను. కొనేవాళ్ళ తరఫున వెళ్ళి, పైకప్పు పెంకుల నుంచి పునాది పగుళ్ళ దాకా చూసి రిపోర్టు రాసిస్తాను. నా దృష్టిలో ఆ లిస్టింగ్ మొత్తంలో బరువైన వాక్యం అదొక్కటే. కింద అద్దెకిస్తున్న వాటా నిప్పు ప్రమాదం నుంచి మనిషిని కాపాడేలా ఉందో లేదో మేం చెప్పం, లేదని తేలితే ఆ భారం మీదే అని వాళ్ళు ముందే రాసి ఇస్తున్నారన్నమాట.

మాది భీమవరం. సివిల్ డిప్లొమా చేసి, కూకట్‌పల్లిలో అపార్టుమెంట్లు కట్టించే సైట్ ఇంజనీరుగా పనిచేసి, తర్వాత ఇటు వచ్చాను. అక్కడ నేను కట్టించిన సెల్లార్లు కార్లకే తప్ప మనుషులకు కాదు. ఇక్కడ ఇంటి కింద ఒక అంతస్తు ఉండటానికి కారణం చలి. శీతాకాలంలో నేలలోని తడి గడ్డకట్టి మట్టి ఉబ్బుతుంది, ఆ ఉబ్బు పునాదిని ఎత్తేస్తుంది. అందుకని టొరంటో చుట్టుపక్కల పునాది కనీసం 1.2 మీటర్లు, అంటే నాలుగడుగులు, లోతుకు దిగాలి. ఎలాగూ అంత తవ్వుతున్నప్పుడు ఇంకాస్త తవ్వితే ఇంటి వైశాల్యమంత చోటు కలిసొస్తుంది. మొదట్లో అందులో ఫర్నేస్, నీళ్ళు కాచే ట్యాంకు, బట్టలుతికే మిషను, పాత సామాను ఉండేవి. ఇళ్ళ ధరలు పెరిగేకొద్దీ ఆ చోట్లో ఒక వంటగట్టు, బాత్రూం వచ్చాయి. పక్కగోడకు ఒక తలుపు పడింది. ఈరోజు కొత్తగా కెనడాలో దిగిన తెలుగు విద్యార్థి మొదటి చిరునామా చాలాసార్లు ఎవరిదో ఒకరి బేస్‌మెంటే.

బేస్‌మెంట్ అద్దెకివ్వడం ఇక్కడ నేరమేమీ కాదు. ఈ విషయంలో మనవాళ్ళలో గందరగోళం చాలా ఉంది. 1994లో ఇక్కడి ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం ఇలాంటి రెండో వాటాలకు అనుమతినిచ్చింది. 1995లో ప్రభుత్వం మారాక ఆ అనుమతి పోయింది. ఆ ఏడాది నవంబరు 16 నాటికి ఉన్నవాటిని మాత్రం ఉండనిచ్చారు. మళ్ళీ 2012 జనవరి 1 నుంచి నగరాలు రెండో వాటాను ఒప్పుకోవాలని చట్టం వచ్చింది. 2022 నవంబరులో చేసిన మరో చట్టం, నీళ్ళు, డ్రైనేజీ సౌకర్యం ఉన్న పట్టణ ప్రాంతాల్లో ఒక స్థలంలో మూడు వాటాల దాకా రానిచ్చింది. ప్రభుత్వానికి ఇళ్ళు కావాలి, నగరాలూ కాదనడం లేదు. అడిగేదల్లా పర్మిట్ తీసుకుని, నిబంధనల ప్రకారం కట్టి, తనిఖీ చేయించి, నమోదు చేయించమని. బ్రాంప్టన్‌లో ఈ నమోదు 2015 నుంచీ ఉంది. అంత తలుపు తెరిచి ఉన్నా లెక్కలేనన్ని బేస్‌మెంట్లు ఏ కాగితమూ లేకుండా అద్దెకు నడుస్తున్నాయి. ఇళ్ళతోపాటు అవీ చేతులు మారుతున్నాయి.

ఈమధ్య గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒక జంట నన్ను పిలిచారు. బ్రామలీలో పాత ఇల్లు. బ్రామలీ అంటే బ్రాంప్టన్ తూర్పు వైపు 1950ల చివర్లో ఒక పథకం ప్రకారం కట్టడం మొదలుపెట్టిన పేట. అక్కడ ఒక్కో భాగంలో వీధుల పేర్లన్నీ ఒకే అక్షరంతో మొదలవుతాయి. ఈ ఇల్లు డెబ్భైల నాటిది. గోడలు గట్టివి, చెట్లు పెద్దవి, స్థలం ఇప్పటి కొత్త కాలనీల్లో దొరకనంత వెడల్పు. అతనికి ఐటీ ఉద్యోగం, ఆమె ఫార్మసీలో చేస్తోంది. ఒక పాప.

"పైన మేముంటామన్నా. కింద నెలకు 1,800 డాలర్లు వస్తోంది. మార్ట్‌గేజ్‌లో మూడో వంతు దాంతోనే పోతుంది" అన్నాడు అతను, నేను చెప్పులు విప్పేలోపే.

కింద ఇద్దరు కుర్రాళ్ళున్నారు. ఒకతనిది ఖమ్మం, ఇంకొకతనిది శ్రీకాకుళం దగ్గర పల్లె. ఇద్దరూ కాలేజీ చదువు, రాత్రిళ్ళు గోడౌన్‌లో షిఫ్టు. మేం వెళ్ళేటప్పటికి శ్రీకాకుళం అబ్బాయి నిద్రపోతున్నాడు. లేపొద్దని చెప్పి, ఖమ్మం అబ్బాయితో కలిసి చూడటం మొదలుపెట్టాను.

బేస్‌మెంట్‌లో అడుగుపెట్టగానే నేను ముందు చూసేది కిటికీ. నిప్పంటుకుంటే మెట్లవైపు దారి పొగతో మూసుకుపోవచ్చు. అప్పుడు పడకగది కిటికీయే దారి. ఒంటారియో బిల్డింగ్ కోడ్ ప్రకారం ఆ కిటికీ తెరిచినప్పుడు ఖాళీ కనీసం 0.35 చదరపు మీటర్లు ఉండాలి. ఎత్తుగానీ, వెడల్పుగానీ 380 మిల్లీమీటర్లకు, అంటే పదిహేనంగుళాలకు, తగ్గకూడదు. తాళం చెవి, పనిముట్టు లేకుండా లోపలి నుంచి తెరుచుకోవాలి. కిటికీ నేల మట్టానికి దిగువన ఉంటే బయట తవ్విన గుంతలో మనిషి తిరిగేలా కనీసం 550 మిల్లీమీటర్ల జాగా ఉండాలి. ఆ ఇంట్లో ముందుగది కిటికీ చూడటానికి వెడల్పైనదే. తెరిస్తే మాత్రం ఒక అద్దం పలక పక్కకు జరిగి, మిగిలిన ఖాళీ నా టేపుకు తొమ్మిదంగుళాలు వచ్చింది. తొమ్మిదంగుళాల్లోంచి పాప కూడా కష్టంగా దూరుతుంది.

శ్రీకాకుళం అబ్బాయి పడుకున్న గదికి అసలు కిటికీ లేదు. ఒకప్పటి పెద్ద గదిని మధ్యలో పలచటి గోడతో చీల్చి రెండు చేశారు. కిటికీ ముందుగదికి పోయింది, వెనకగదికి తలుపొక్కటే మిగిలింది. ఆ తలుపు తెరుచుకునేది వంటచోటులోకి. ఇంట్లో నిప్పు పుట్టేందుకు ఎక్కువ వీలున్న చోటు వంటగది. ఆ అబ్బాయి బయటికి రావాలంటే దాన్ని దాటుకునే రావాలి.

పొయ్యి పైన స్మోక్ అలారం బిగించే చట్రం ఉంది, అలారం లేదు. "తాలింపు వేసినప్పుడల్లా మోగుతోంది అంకుల్. పైనవాళ్ళు గొడవ చేస్తున్నారని తీసి అల్మరాలో పెట్టాం" అన్నాడు ఖమ్మం అబ్బాయి. ఈ జవాబు నేను తెలుగువాళ్ళ ఇళ్ళలో చాలాసార్లు విన్నాను. మన వంటకు పొగ ఎక్కువన్నది నిజమే. అలారాన్ని పొయ్యికి కాస్త దూరంగా, పడకగదుల బయట బిగిస్తే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. అల్మరాలోంచి తీయించి, బ్యాటరీ మార్చి, అప్పటికప్పుడే దాన్ని హాల్లో బిగించాను. అది నా పని కాదు, అయినా చెయ్యకుండా రాలేను.

తర్వాత పైకి చూశాను. సీలింగ్ ఎత్తు 1.95 మీటర్లు, దూలాల కింద, గాలి గొట్టాల కింద 1.85 ఉండాలి. అంటే ఆరడుగుల మనిషి తల తగలకుండా నడవగలగాలి. ఎత్తు సరిపోయింది. కానీ ఆ సీలింగ్ ఊచలమీద పరిచిన టైళ్ళు. ఒక టైలు ఎత్తి చూస్తే పైన పచ్చి చెక్క దూలాలు, వాటి మీద పై అంతస్తు నేల. పైవాటాకూ కిందివాటాకూ మధ్య అరగంటసేపు మంటను ఆపగల అడ్డు ఉండాలన్నది నియమం. పాత ఇళ్ళలో రెండు వాటాల అలారాలనూ ఒకదానితో ఒకటి కలిపి, ఒకచోట మోగితే అన్నిచోట్లా మోగేలా చేస్తే పదిహేను నిమిషాల అడ్డుకు ఒప్పుకుంటారు. ఈ టైళ్ళు ఆ లెక్కలోకే రావు. కింద మంట లేస్తే పైన పాప పడుకునే గది నేల దాకా పోవడానికి మధ్యలో ఆపేదేదీ లేదు. ఆ మాట చెప్పినప్పుడు ఆమె ముఖం మారింది. అంతవరకూ ఇది కిందవాళ్ళ సమస్య అనుకుంటోంది.

ఫర్నేస్ ఒక్కటే. అదే గాలి పైకీ పోతుంది, కిందికీ వస్తుంది. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ కింద పుట్టిన పొగను పైగదులకు పంచుతుంది. అందుకే గొట్టంలో పొగను పసిగట్టి ఫర్నేస్‌ను ఆపేసే పరికరం పెట్టమంటారు. అక్కడ లేదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం పైన ఉంది, కింద లేదు. ఈ వాయువుకు రంగు, వాసన ఉండవు. 2008లో వుడ్‌స్టాక్ అనే ఊళ్ళో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఇంట్లోనే దీనికి బలయ్యారు. ఆ కుటుంబం పేరు పెట్టి ఒంటారియోలో అలారాన్ని తప్పనిసరి చేస్తూ 2013లో హాకిన్స్ గిన్యాక్ చట్టం తెచ్చారు.

కరెంటు సంగతి ఇంకో అధ్యాయం. అరవైల మధ్య నుంచి డెబ్భైల చివరిదాకా కట్టిన ఇళ్ళలో అల్యూమినియం తీగలు వాడారు. అవి కలిసేచోట్ల వదులైతే వేడెక్కుతాయి. ఈ ఇంట్లో అవే ఉన్నాయి. దానిమీద కింద ఒక విద్యుత్ పొయ్యి, రైస్ కుక్కర్, గది హీటరు, అన్నీ ఒక పొడిగింపు తీగకు. మెయిన్ బోర్డు ఆ నిద్రపోతున్న అబ్బాయి గదిలో బట్టల వెనక ఉంది. పర్మిట్ ప్రకారం చేసిన పనైతే ఎలక్ట్రికల్ సేఫ్టీ అథారిటీ వాళ్ళు వచ్చి చూసి ధ్రువపత్రం ఇచ్చి ఉండేవారు. అమ్మేవారి దగ్గర అదీ లేదు.

"ఇవన్నీ మెల్లగా చేయించుకోవచ్చు కదన్నా? ముందు ఇల్లు చేతికి రానివ్వండి" అన్నాడు అతను.

ఈ మాట ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. మన ఊళ్ళో ప్లాను తప్పి ఒక అంతస్తు వేస్తే, ఎప్పటికో ఒకప్పటికి పథకం వస్తుంది, డబ్బు కట్టి క్రమబద్ధం చేసుకోవచ్చు అనే నమ్మకం ఉంది. అది ఊహ కూడా కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 చివర్లో బిల్డింగ్ పీనలైజేషన్ స్కీం (బీపీఎస్) వచ్చింది, 2015లో తెలంగాణలో భవనాల క్రమబద్ధీకరణ పథకం ప్రకటించారు. నేనూ అలాంటి భవనాల మీద పనిచేసినవాణ్ణే. ఒంటారియోలో డబ్బు కట్టించుకుని తొమ్మిదంగుళాల కిటికీని పదిహేనంగుళాలుగా రాసిచ్చే పథకం లేదు. గోడ కోసి కిటికీ పెద్దది చేయాల్సిందే. ఇన్‌స్పెక్టరు వచ్చి టేపు పెట్టి చూస్తాడు. కెనడాలో ఉన్న మన పెట్టుబడిదారులకు నేను పదేపదే చెప్పే విషయం ఇదే.

క్లోజింగ్ రోజున, అంటే ఇల్లు మీ పేరుకు మారే రోజున, తాళాలతోపాటు బాధ్యత కూడా చేతికొస్తుంది. ఆ గోడ నువ్వు కట్టలేదు, ఆ అలారం నువ్వు తీయలేదు. అయినా ఆ రోజు నుంచి యజమానివి నువ్వే. ఫైర్ కోడ్ ఉల్లంఘనకు వ్యక్తులకు తొలిసారి 50,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు ఉండొచ్చు. ప్రాణాలకు తక్షణ ముప్పు ఉందని అగ్నిమాపక శాఖ భావిస్తే వాటాను అప్పటికప్పుడే మూయించగలదు.

ఇన్సూరెన్స్ గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు. ఒకే కుటుంబం ఉండే ఇల్లని చెప్పి పాలసీ తీసుకుని, కింద అద్దెకిస్తే, ప్రమాదం జరిగిన రోజు కంపెనీ ఆ సంగతి పట్టుకుని క్లెయిమును తిరస్కరించొచ్చు. టైటిల్ ఇన్సూరెన్స్ ఉందిగా అంటారు కొందరు. కొనేటప్పుడు మీకు తెలియని లోపాలకు ఆ పాలసీ కొంతవరకు ఆదుకోవచ్చు. పర్మిట్ లేదని తెలిసే కొన్నవాళ్ళను సాధారణంగా ఆదుకోదు. లిస్టింగ్‌లోనే ఆ వాక్యం ఉన్నాక తెలియదని చెప్పడం కష్టం.

బ్యాంకులు కూడా కాగితం చూస్తాయి. కెనడా మార్ట్‌గేజ్ అండ్ హౌసింగ్ కార్పొరేషన్ 2015 సెప్టెంబరు నుంచి, యజమాని తానూ ఉండే రెండు వాటాల ఇంట్లో రెండో వాటా చట్టబద్ధమైనదైతే దాని అద్దె మొత్తాన్నీ ఆదాయంగా లెక్కలోకి తీసుకునే వీలు కల్పించింది. కాగితం లేని వాటాకు ఆ సౌకర్యం లేదు. బ్యాంకు నమ్మని అద్దెను నమ్ముకుని ఇల్లు కొనడం ఎంత సాహసమో 2022 తర్వాత చాలామందికి తెలిసొచ్చింది. 2022 మొదట్లో 0.25 శాతం ఉన్న బ్యాంక్ ఆఫ్ కెనడా వడ్డీ రేటు 2023 జూలైకి 5 శాతానికి చేరింది. కంతులు పెరిగిపోయాయి. 2024 జనవరిలో విదేశీ విద్యార్థుల పర్మిట్లకు కేంద్ర ప్రభుత్వం పరిమితి పెట్టింది. కాలేజీ పిల్లలతో నిండి ఉండే బేస్‌మెంట్లు ఖాళీ అయ్యాయి. కంతు పెరిగిన ఇంట్లోనే అద్దె తగ్గింది. అలాంటి ఇళ్ళు అమ్మకానికి వచ్చినప్పుడు తనిఖీకి వెళ్ళి, పైన మౌనంగా కూర్చున్న భార్యాభర్తలను చూశాను. చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు.

ఇక కింద ఉన్నవాళ్ళ సంగతి. చాలామంది కొనేవాళ్ళు పొరబడేది ఇక్కడే. వాటా చట్టవిరుద్ధం కాబట్టి అందులో ఉన్నవాళ్ళకు హక్కులుండవు, ఎప్పుడు కావాలంటే అప్పుడు పొమ్మనొచ్చు అనుకుంటారు. 2006 నాటి అద్దె చట్టం అలా చెప్పదు. వాటాకు పర్మిట్ లేకపోయినా అద్దెదారు అద్దెదారే. ఇల్లు అమ్ముడుపోయినంతమాత్రాన అద్దె ఒప్పందం ముగిసిపోదు, కొత్త యజమానికి సంక్రమిస్తుంది. కొనేవారు తామో, తమ తల్లిదండ్రులో, పిల్లలో అక్కడ ఉండటానికైతే ఎన్12 అనే నోటీసు ఇప్పించొచ్చు. అరవై రోజుల గడువు, ఒక నెల అద్దె పరిహారం ఇవ్వాలి. ఒప్పందానికి గడువు మిగిలి ఉంటే అది పూర్తయ్యేదాకా ఆగాలి. ఇంకొకరికి ఎక్కువ అద్దెకిచ్చుకోవడానికి ఈ నోటీసు పనికిరాదు. అద్దెదారు ఒప్పుకోకపోతే ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డుకు వెళ్ళాలి, అక్కడ విచారణకు నెలలు పడుతుంది. తాళాలు మార్చడం, కరెంటు ఆపడం, సామాను బయట పెట్టడం నేరాలు.

గుంటూరు అమ్మాయి అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "మరి ఈ పిల్లలెక్కడికి పోతారండీ?" అంది. దానికి సులువైన జవాబు లేదు. నగరం ఒక్కరోజులో ఇలాంటి వాటాలన్నీ మూయిస్తే వేలమంది వీధిన పడతారు. అధికారులకూ ఆ సంగతి తెలుసు. అలాగని కిటికీ లేని గదిలో మనిషిని పడుకోబెట్టి నెలనెలా డబ్బు తీసుకోవడానికి అది సాకు కాకూడదు. పూర్తి పర్మిట్ రావడానికి నెలలు పట్టొచ్చు. పనిచేసే అలారాలు పెట్టడం, మెట్ల దారిలో సామాను తీసేయడం, కిటికీ లేని గదిలో ఎవరినీ పడుకోనివ్వకపోవడం ఈరోజే చేయగల పనులు. వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఖర్చు వంద డాలర్లలోపే.

ఆ దంపతులు ఇల్లు వదులుకోలేదు. కొనడం తప్పని నేనూ చెప్పలేదు. లోపం తెలిసి, దాని ఖరీదు తీసేసి కొంటే పాత ఇల్లు మంచి కొనుగోలే. వాళ్ళ లాయరు ఆఫర్‌లో మూడు షరతులు రాయించారు. నగరపాలక సంస్థ దగ్గర ఆ ఇంటి పర్మిట్ల ఫైలు చూసుకునే గడువు కావాలి. ఇన్సూరెన్స్ కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. క్లోజింగ్ నాటికి బేస్‌మెంట్ ఖాళీగా అప్పగించాలి. మూడో షరతు చాలా ముఖ్యం. ఖాళీగా అప్పగిస్తామని రాసినవాళ్ళే ఆ పిల్లలతో మాట్లాడుకోవాలి, ఆ భారం కొనేవారి నెత్తిన పడకూడదు. అమ్మేవారు ఇద్దరికీ పరిహారం ఇచ్చి, రాతపూర్వక ఒప్పందం చేసుకుని ఖాళీ చేయించారు. ఖమ్మం అబ్బాయి కాలేజీకి దగ్గరగా ఒక అపార్టుమెంటులో గది పట్టుకున్నాడు. శ్రీకాకుళం అబ్బాయి ఇంకో బేస్‌మెంట్‌కు వెళ్ళాడు. ఆ ఇల్లు నేను చూడలేదు. గదికి పెద్ద కిటికీ ఉందని మెసేజ్ పెట్టాడు.

ఇంటి ధర కూడా తగ్గింది. పర్మిట్‌కు ప్లాను గీయించడం, గోడ కోసి కిటికీ పెట్టించడం, సీలింగ్ పీకి డ్రైవాల్ బిగించడం, వాటాల మధ్య తనంతట తానే మూసుకునే తలుపు, కలిపిన అలారాలు, ఫర్నేస్ గొట్టంలో పరికరం, కరెంటు పని, వీటన్నిటికీ నలభై వేల డాలర్లు దాటాయి. పని జరిగినన్ని నెలలూ అద్దె లేదు. అతను వారాంతాల్లో అదనపు పని చేశాడు. అత్తగారు రావాల్సిన ప్రయాణం వాయిదా పడింది. ఆఖరి తనిఖీ అయ్యాక నమోదు పత్రం వచ్చింది. ఇప్పుడు కింద ఒక చిన్న కుటుంబం ఉంటోంది.

వాళ్ళు అంత ఖర్చు తట్టుకోగలిగారంటే ఒకే కారణం. కింది అద్దె సున్నా అనుకుని లెక్క వేసుకున్నాకే ఆఫర్ రాశారు. అద్దె లేకుండా కంతు కట్టలేకపోతే ఆ ఇల్లు మీ స్థోమతకు మించినదే. బేస్‌మెంట్ ఎంత అందంగా ఉన్నా సరే.

నా వృత్తి గురించి కూడా ఒకమాట చెప్పాలి. నా రిపోర్టు పర్మిట్ కాదు. కిటికీ ఎంత ఉందో, అలారం ఉందో లేదో నేను చెప్పగలను. వాటా చట్టబద్ధమని చెప్పే అధికారం నగరపాలక సంస్థకు, అగ్నిమాపక శాఖకే ఉంది. మరో ముఖ్యమైన తేడా ఉంది. 1994 జూలై 14 నాటికే ఉన్న వాటాలకు ఫైర్ కోడ్‌లోని రెట్రోఫిట్ నిబంధనలు వర్తిస్తాయి, ఆ తర్వాత కట్టినవాటికి బిల్డింగ్ పర్మిట్ ఉండాలి. "ఎప్పటి నుంచో ఉందండీ, ఎవరూ ఏమీ అనలేదు" అని అమ్మేవారు అంటే, ఎప్పటి నుంచో చూపించే కాగితం అడగండి. "ఇన్-లా సూట్" అనీ, "సెపరేట్ ఎంట్రన్స్" అనీ లిస్టింగ్‌లో రాసినంత మాత్రాన అది అద్దెకివ్వదగిన వాటా అయిపోదు. పక్కతలుపుకు పర్మిట్ ఉండి, లోపలి వాటాకు లేని ఇళ్ళు బోలెడు.

అద్దెకు దిగే పిల్లల తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. గది ఫొటోలు పంపమన్నప్పుడు మంచం, ఫ్రిజ్ కాదు, కిటికీ తెరిచి ఫొటో తీసి పంపమనండి. అలారం ఫొటో పంపమనండి. నెల అద్దె వంద డాలర్లు తక్కువని కిటికీ లేని గదికి ఒప్పుకోవద్దు.

కొనేవారికి నేను చెప్పేది ఇంతే. ఆఫర్ మీద సంతకం పెట్టకముందే ఆ చిరునామాలో రెండో వాటా నమోదై ఉందో లేదో నగరాన్ని అడగండి. బ్రాంప్టన్‌లో నమోదైన వాటాల జాబితా నగరపాలక సంస్థ వెబ్‌సైటులో అందరూ చూడొచ్చు, లేదా 311కు ఫోన్ చేసి ఎవరిని సంప్రదించాలో కనుక్కోవచ్చు.